చలువ మాత్ర

మా అమ్మను పొట్టన పెట్టుకున్నది ఒక మాట.

జబ్బు లేదనను. బీపీ ఉండేది. గుండెకు రక్తం కావలసినంత అందడం లేదని డాక్టరు చెప్పిందీ నిజమే. కానీ ఆ రెండింటినీ వెంటబెట్టుకుని మా అమ్మ ఇంకా ఎన్నో ఏళ్ళు బతికేది. అట్లా బతుకుతున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, కూరగాయల బండి దగ్గర నాతో రోజూ కొట్లాడుతున్నారు. ఆమెను తీసుకుపోయింది మా ఇంట్లోనే పుట్టి, మేమంతా ముద్దుగా వాడుకున్న ఒక మాట. నేను బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. మాటలంటే ప్రాణమని నాకు పేరు. ఆ ఒక్క మాట చెవిన పడితే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యాడికి ఊరి బజారు వీధిలో మా నాయనది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. నన్ను చేసుకున్నాయనదీ అదే ఊరు కాబట్టి రెండు వీధుల అవతలే నా కాపురం. బడి వదలగానే ముందు అంగడికి పోయి, అమ్మ పెట్టిన టీ తాగి, కాసేపు వాళ్ళనూ వీళ్ళనూ ఆడిపోసుకుని, ఆ తర్వాతే ఇంటికి పోయేదాన్ని. పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టిల్లు అంత దగ్గరగా ఉండటం అదృష్టమని అందరూ అనేవాళ్ళు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

అమ్మ దృష్టిలో లోకంలో ఉన్నవన్నీ రెండే రకాలు. ఒంటికి వేడి చేసేవి, చలువ చేసేవి. బెల్లం, నువ్వులు, మిరియాలు, శొంఠి ఒక వైపు. సబ్జా గింజలు, సగ్గుబియ్యం, బార్లీ, గసగసాలు ఇంకో వైపు. అంగట్లో డబ్బాలు కూడా ఆ వరుసలోనే పెట్టుకుంది. నాయన ఎప్పుడైనా బెల్లం దిమ్మ తీసుకుపోయి సగ్గుబియ్యం పక్కన పెడితే ఇంటికి ఎవరో మైల తెచ్చినట్టు చూసేది. సరుకు కోసం వచ్చినవాళ్ళు సరుకుతో పాటు వైద్యం కూడా పట్టుకుపోయేవాళ్ళు.

"బిడ్డకు కండ్లు మండుతాండాయంటక్కా."

"ఉడుకు చేసింటాది. సబ్జా గింజలు నానబెట్టి తాపు. నిన్న ఏం పెట్టినావు? కోడిగుడ్డు పెట్టింటావులే, నీ మొగం సూస్తానే తెలుస్తాండాది."

ఆ వచ్చినావిడ సిగ్గుపడుతూ ఒప్పుకునేది. మనుషులకు కూడా ఆ లెక్కే వేసేది అమ్మ. మా ఆయన చలువ మనిషి. నేను ఉడుకు మనిషిని. "ఇది కడుపులో ఉన్నప్పుడు నువ్వులుండలు తెగ తిన్యా. ఆ ఉడుకంతా దీని నోట్లోకి దిగింది" అని, నేను ఎవరి మీదైనా నోరు పారేసుకున్నప్పుడల్లా అంగడికి వచ్చినవాళ్ళకు సంజాయిషీ చెప్పేది.

యాభై దాటాక అమ్మకు ముట్లు నిలిచిపోయాయి. అప్పటిదాకా ఆ మూడు రోజులూ ఆమె అంగట్లోకి వచ్చేది కాదు, వంటింట్లోకీ పోయేది కాదు. వెనక వరండాలో కూర్చుని, "ఆ డబ్బా కాదు, దాని పక్కది, పక్కది!" అని నాయన మీద అరుస్తూ అక్కడి నుంచే వ్యాపారం నడిపేది. అది నిలిచిపోయినప్పుడు ఆమె సంబరం చూడాలి. "పీడ ఇరగడైంది. ఇంగ ఊరగాయ జాడీ నా ఇష్టమొచ్చినప్పుడు ముట్టుకుంటా" అన్నది. ఆ సంతోషంలో కొత్త ఆవకాయ కూడా పెట్టింది, కాలం కాని కాలంలో.

కానీ కొన్నాళ్ళకే ఆవిర్లు మొదలయ్యాయి. మామూలుగా కూర్చుని పొట్లం కడుతున్న మనిషికి ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై ముఖమంతా ఎర్రబడేది, చెమటలు కారిపోయేవి, గుండె దడదడలాడేది. మా ఊరి ఎండలు వేరే చెప్పాలా? బయటా వేడే, లోపలా వేడే. "నెలనెలా బయటికి పోయే ఉడుకు ఇప్పుడు లోపలే నిలబడిపోతాండాది" అని తీర్పు చెప్పుకుని, తనకు తెలిసిన చలువలన్నీ తాగింది. సబ్జా తాగింది, బార్లీ తాగింది, రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని చెంబులు చెంబులు తాగింది. ఏదీ పని చేయలేదు. తన అంగట్లో సరుకు తనకే పని చేయకపోవడం ఆమెకు పెద్ద అవమానంగా ఉండేది.

ఒకరోజు చెనక్కాయల మూట పక్కకు లాగబోయి రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయింది. తాడిపత్రి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడేవాడు. బీపీ చూశాడు, ఈసీజీ తీయించాడు, గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు కొంచెం ఇరుకైనట్టున్నాయని చెప్పి మాత్రలు రాశాడు. అందులో ఒకటి చిన్న తెల్లటి మాత్ర. "ఇది గుండె దడ తగ్గిస్తుందమ్మా, గుండె మీద బరువు తగ్గిస్తుంది. రోజూ వేసుకోవాలి, మానకూడదు" అన్నాడు. ఏ డాక్టరైనా ఏ మాత్రకైనా ఆ మాటే అంటాడు కదా. అమ్మ సరేనని తల ఊపింది.

ఆ మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్ళకు గుండె దడ తగ్గింది. ఆవిర్లు పూర్తిగా పోలేదు గానీ, వచ్చినా మునుపటంత ఉక్కిరిబిక్కిరి చేసేవి కావు. దాంతోపాటే చేతులు చల్లబడటం మొదలైంది. అది కనిపెట్టింది మేము కాదు, అంగడికి వచ్చినవాళ్ళు. పొట్లం అందుకుంటూ అమ్మ వేళ్ళు తగలగానే, "ఏమక్కా, సేతులు ఐసుగడ్డ మాదిరి ఉండాయి!" అని ఉలిక్కిపడేవాళ్ళు. అమ్మ తన చేతులు తానే చెంపలకు ఆనించుకుని చూసుకుంది. ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత మా నాయన వైపు తిరిగి, తూకం తేల్చినంత ఖాయంగా చెప్పింది.

"ఈ తెల్ల మాత్ర సలవ."

అంతే. ఆ రోజు నుంచి ఆ మాత్రకు మా ఇంట్లో అదే పేరు. అట్ట మీద ఏం రాసి ఉందో ఎవరికీ పట్టలేదు. "సలవ మాత్ర ఏసుకున్యావా?" అని నాయన అడిగేవాడు. "సలవ మాత్ర అయిపోయింది, మందులంగట్లో తెచ్చివ్వుమ్మే" అని అమ్మ నాకు చెప్పేది. నేనూ అదే పేరు పలికేదాన్ని, ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోతూ. మందులషాపులో మాత్రం పాత అట్ట చూపించి తెచ్చేదాన్ని.

ఎండాకాలంలో నాయన చేసే ఎగతాళికి అంతుండేది కాదు. ఫ్యాను వేస్తే నిప్పుల మీద నుంచి వచ్చినట్టు గాలి కొట్టే రోజుల్లో, "కూలరు కొనల్లంటాంటివే, ఇంగెందుకు? నీ సెయ్యి నా నెత్తిన పెట్టి కూసో" అనేవాడు. అమ్మ కసురుకుంటూనే, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఆ బట్టతల మీద చెయ్యి పెట్టేది. మా అమ్మాయి చిన్నప్పుడు జ్వరమొస్తే తడిగుడ్డ వద్దని, అవ్వ చెయ్యి కావాలని ఏడ్చేది. అమ్మ వచ్చి ఆ చల్లటి చెయ్యి నుదుటి మీద పెట్టి, పిల్ల నిద్రపోయేదాకా కూర్చునేది. పోయేటప్పుడు అదే చెయ్యి నా తల మీద కూడా ఒకసారి పెట్టి "సల్లగుండు" అనేది. ఆ దీవెన అందరు తల్లులూ ఇచ్చేదే. మా అమ్మ ఇస్తే మాత్రం మాడు మీద నిజంగానే చల్లగా తగిలేది.

ఇబ్బందులు లేకపోలేదు. మే నెలలో మేజోళ్ళు వేసుకుని అంగట్లో కూర్చునేది మా అమ్మ. కాలివేళ్ళు జివ్వుమంటున్నాయని. ఊరంతా చెమటలో నానుతుంటే ఈమె మేజోళ్ళు చూసి పిల్లలు నవ్వేవాళ్ళు. మిద్దె ఎక్కడానికి మునుపటి కంటే ఆలస్యమయ్యేది, మధ్యలో ఆగి గోడ పట్టుకునేది. డాక్టరుకు చెబుదామంటే వద్దనేది. చెబితే ఆ మాత్ర మార్చేస్తాడేమోనని భయం. "కాళ్ళు సల్లగైతే అయినాయి, గుండెకాయ కుదురుగా ఉండాది గదా. నా సలవ మాత్ర జోలికి రావద్దండి" అనేది.

ఆ ఏడాది వాన సరైన సమయంలో రాలేదు. మాకు అది కొత్త కాదు. చెనక్కాయ పంట ఎండి, ఉన్నంతలో పీకి కళ్ళాల్లో ఆరబోసుకున్నాక అప్పుడు పడింది. జనం ఆకాశాన్ని తిట్టుకుంటూ కాయల మీద పట్టలు కప్పడానికి పరుగెత్తారు. మా మిద్దె మీద అమ్మ ఎండుమిరపకాయలు ఆరబోసింది. నాయన సరుకు కోసం తాడిపత్రి పోయి ఉన్నాడు. ఒక్కతే పైకెక్కి ఆ మిరపకాయలన్నీ ఎత్తి కిందికి దించింది, జోరువానలో. కాయ ఒక్కటి తడవనివ్వలేదు. తను మాత్రం తలనుంచి పాదాలదాకా తడిసింది. తెల్లారేసరికి పడిసెం పట్టింది.

పడిసెం పడితే మా ఇళ్ళల్లో ఏం చేయాలో పసిపిల్లలకు కూడా తెలుసు. చలువ చేసేవేవీ ఒంట్లోకి పోనివ్వకూడదు. మజ్జిగ బంద్, పెరుగు బంద్, అరటిపండు బంద్, తలంటు బంద్. మిరియాల చారు, శొంఠి కషాయం, వేడి నీళ్ళ ఆవిరి. దీన్నే పత్యం అంటాం. పత్యం చేయడంలో మా అమ్మను మించినవాళ్ళు లేరు. నేను సాయంత్రం పోయేసరికి ముక్కు ఎర్రగా చేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, అంగట్లోనే కూర్చుని ఉంది.

"డాక్టరు దగ్గరికి పోదామా?" అన్నాను.

"పడిసానికి డాక్టరా? సలవవన్నీ నిలిపినా. దానంతట అదే దిగుతాది."

చలువవన్నీ. ఆ మాట నేను విన్నాను. నా రెండు చెవులతో విన్నాను. వినగానే నా కళ్ళ ముందు మజ్జిగ చెంబు, అరటిపళ్ళ గెల కనిపించాయి. ఇంకేం కనిపిస్తాయి? ఎవరికైనా ఇంకేం తడుతుంది? ఈ విషయంలో నన్ను నేను తిట్టుకోవడం ఏనాడో మానుకున్నాను. కోపమంతా ఆ మాట మీదే.

కొన్ని రోజులకు పడిసెం తేలికపడింది. గొంతు బాగుపడింది. ఆ సాయంత్రం అమ్మ హుషారుగా ఉంది, బుగ్గలు కూడా కాస్త ఎర్రగా ఉన్నాయి. మేజోళ్ళు విప్పేసింది. నేను ఇంటికి పోతానని లేస్తే ఎప్పట్లాగే తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"అమ్మా, నీ చేతులు వెచ్చబడ్డాయే!" అన్నాను ఆశ్చర్యంగా.

"సూసినావా? సలవంతా ఇరిగిపోయింది. నాకు ఇంగ ఏం లేదు పో. సల్లగుండు" అన్నది.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇంటికి పోయి మా ఆయనతో, "అమ్మకు పూర్తిగా నయమైంది, చేతులు కూడా వెచ్చగా ఉన్నాయి" అని చెప్పాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె చేతులు మామూలు మనుషుల చేతుల్లా ఉన్నాయని పండగలా చెప్పాను.

మరుసటి రోజు నేను తరగతిలో ఉండగా నాయన ఫోను చేశాడు. "పాపా, మీయమ్మ" అన్నాడు, ఫోను పెట్టేశాడు. నేను పోయేసరికి అమ్మ బియ్యం మూటకు ఆనుకుని కూర్చుని ఉంది. జాకెట్టు మొత్తం తడిసిపోయింది. "గుండె పరిగెత్తుతాండాది మే, పట్టుకుంటే నిలబడల్యా" అన్నది. పక్కింటివాళ్ళ కారులో తాడిపత్రికి బయలుదేరాం. దారంతా ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. మణికట్టు దగ్గర నా వేళ్ళ కింద నాడి తప్పించుకుని పోవాలన్నట్టు కొట్టుకుంటోంది. ఆ చెయ్యి వెచ్చగానే ఉంది. వెచ్చగా ఉంది కదా, ఏమీ కాదులే అని దారి పొడవునా అనుకున్నాను.

ఆసుపత్రిలో లోపలికి తీసుకుపోయిన చాలాసేపటికి ఆ పెద్ద డాక్టరు బయటికి వచ్చాడు.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా?" అని అడిగాడు.

"ఏసుకుంటాంది సార్" అన్నాడు నాయన. "ఒక్క సలవ మాత్ర తప్ప."

"చలువ మాత్రా?" డాక్టరు అర్థం కానట్టు చూశాడు. "అట్లాంటిది నేను రాయలేదే."

నాయన జేబులోంచి అట్ట తీసి చూపించాడు. అమ్మను ఎక్కించేటప్పుడు మాత్రలన్నీ జేబులో వేసుకుని వచ్చాడు పాపం. "ఇదే సార్. పడిసెం పట్టింది గదా, సలవ మాత్ర ఎట్లేస్తారు? పడిసెం పట్టిన దినం నుంచి నిలిపింది. పత్యం శానా బాగా చేసింది సార్."

చివరి మాట ఆయన గర్వంగా అన్నాడు. నా భార్య ఎంత చెప్పిన మాట వినే మనిషో చూడండి అన్నట్టు. డాక్టరు ఆ అట్ట చేతిలోకి తీసుకుని దాని మీది పేరు పైకే చదివాడు.

"మానకూడదని చెప్పినాను కదయ్యా" అన్నాడు మెల్లగా.

"మానలేదు సార్" అన్నాడు నాయన. "పక్కన పెట్టింది అంతే. పడిసెం పోతే మళ్ళా ఏసుకునేదే."

మజ్జిగను పక్కన పెట్టినట్టు. మా ఇంట్లో మానడం వేరు, పక్కన పెట్టడం వేరు. డాక్టరు మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బావిలోకి మెల్లగా దించాల్సిన బిందె తాడును ఒక్కసారిగా వదిలేస్తే ఏమవుతుందో అట్లాంటిదని చెప్పాడు. ఆ మాత్ర గుండెను ఇన్నేళ్ళూ పట్టి ఉంచిందట. పట్టు ఒక్కసారిగా వదిలేసరికి గుండె అదుపు లేకుండా పరుగెత్తిందట. అసలే ఇరుకైన నాళాలు ఆ పరుగుకు సరిపడా రక్తం ఇవ్వలేకపోయాయట. నాయన అన్నీ వింటూ తల ఊపుతూనే ఉన్నాడు. ఆయనకు ఏమీ అర్థం కావడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆయనకు అర్థమయ్యేసరికి అమ్మ లేదు.

లోపలికి పిలిచినప్పుడు నాయన పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంగా ఎచ్చగానే ఉండాది పాపా" అన్నాడు నా వైపు తిరిగి. "పట్టుకోని సూడు, ఎచ్చగానే ఉండాది." నర్సు ఏదో చెప్పబోతే నేను ఆపాను. ఆయన ఆ చెయ్యిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఎవరు చెప్పినా లేవలేదు. ఆ చెయ్యి చల్లబడేదాకా పట్టుకునే ఉన్నాడు. చల్లబడ్డాక ఆయనే మెల్లగా మంచం మీద పెట్టి, చీరకొంగు కప్పి, బయటికి వచ్చాడు.

ఆ తర్వాత నాయన అంగడి తెరిచాడు గానీ మాట మూసేశాడు. సరుకు అడిగితే ఇచ్చేవాడు. ఎవరైనా పాత అలవాటుకొద్దీ "ఇది ఉడుకు చేస్తాదా, సలవ చేస్తాదా అన్నా?" అని అడిగితే, "నాకు తెల్దప్పా" అనేవాడు. డబ్బాల వరుస చెదిరిపోయింది. సబ్జా గింజల పక్కన శొంఠి, బెల్లం పక్కన సగ్గుబియ్యం. నేను సర్దబోతే వద్దన్నాడు. "ఉండనీ పాపా. ఏది ఏందో ఎవరికి తెలుసు?" అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు నాకూ అమ్మ ఆ నాటి వయసు వచ్చింది. నాకూ ముట్లు నిలిచిపోయాయి. పాఠం చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి చెమట పట్టి, సుద్దముక్క కింద పెట్టి కిటికీ దగ్గరికి పోతుంటాను. మా ఆయన పోరు పడలేక అనంతపురంలో ఒక లేడీ డాక్టరుకు చూపించుకున్నాను. బీపీ ఉంది, గుండె దడ ఉంది. ఆమె మాత్ర రాయబోతూ పేరు చెప్పింది. అమ్మ పోయిన రోజు డాక్టరు అట్ట మీద చదివిన పేరే. అది వినగానే నేను కుర్చీలోంచి లేచాను.

"ఆ మాత్ర నాకొద్దు మేడం" అన్నాను. ఎందుకో చెప్పమంది. చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు పెరిగింది, బయట కూర్చున్నవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. ఆమె పెన్ను పక్కన పెట్టి మొత్తం విన్నది.

తర్వాత ఆమె చెప్పిన సంగతులు నేను అంతకుముందు ఎవరి నోటా వినలేదు. ఆడవాళ్ళలో నెలనెలా వచ్చేదాన్ని నడిపించే హార్మోనే రక్తనాళాలను కూడా మెత్తగా, సాగేట్టు ఉంచుతుందట. నాళం లోపలి పొర అవసరమైనప్పుడు నాళాన్ని వదులు చేస్తుంది, ఆ పనికి ఆ హార్మోను సాయం. ముట్లు ఆగిపోయాక ఆ సాయం తగ్గిపోతుంది. ఎండలో పడేసిన రబ్బరు పైపు గట్టిపడ్డట్టు నాళాలు గట్టిపడుతూ వస్తాయి. అమ్మ "పీడ ఇరగడైంది" అనుకున్న దానితో పాటు, ఆమెను కాపాడుతున్నది కూడా చెప్పకుండా వెళ్ళిపోయిందన్నమాట.

"మీ అమ్మ వేసుకున్నలాంటి మాత్రలను బీటా బ్లాకర్లు అంటారు. అవన్నీ ఒకటి కాదు" అన్నదామె. "పాత రకాలు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, కానీ గట్టిపడిన నాళాలను వదులు చేయవు. చేతుల్లో కాళ్ళల్లో నాళాలు ఇంకొంచెం ముడుచుకుంటాయి కూడా. కొత్త రకాలు కొన్ని నాళాలను కూడా కాస్త వదులు చేస్తాయి. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళలో ఏది ఎవరికి ఎంత పనిచేస్తుందో ముందే చెప్పలేం. ఇచ్చి, చూసి, మార్చుకోవాలి. కానీ ఏదైనా సరే, ఒక్కసారిగా ఆపకూడదు."

"అయితే మా అమ్మ చేతులు చల్లబడటం..."

"రక్తం వేళ్ళ చివరలదాకా సరిగ్గా పోకపోవడం వల్లమ్మా."

నాయన బట్టతల మీద పెట్టిన చెయ్యి, నా కూతురి నుదుటి మీద పెట్టిన చెయ్యి, నా తల మీద పెట్టి చల్లగుండమన్న చెయ్యి. మేము చలువ అనుకుని అంతగా మురిసిపోయింది, ఆ వేళ్ళకు రక్తం అందకపోవడాన్ని. ఆ డాక్టరు గదిలో చిన్నపిల్లలా ఏడ్చాను. ఆమె బయట వేచి ఉన్నవాళ్ళను కాసేపు ఆగమని చెప్పి, నేను తేరుకునేదాకా ఊరకే కూర్చుంది.

మొదట కొత్త రకమే ఇచ్చింది. నాకు పడలేదు, లేస్తే తల తిరిగేది. మెల్లమెల్లగా తగ్గించి పాత రకానికి మార్చింది. కొన్నాళ్ళకు నా చేతులు కూడా చల్లబడ్డాయి. ఈ సంగతి నాయనకు తెలియనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. ఎనభై దాటిన మనిషి, ఒకసారి పడ్డది చాలు. టీ గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేదాన్ని. ఏదైనా ఇస్తే కొంగు పట్టి అందుకునేదాన్ని.

కానీ అంగడివాళ్ళ చేతులకు ఏదీ దాగదు. ఒక సాయంత్రం కందిపప్పు పొట్లం అందిస్తూ ఆయన వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. పొట్లం నా చేతిలోకి రాలేదు. ఆయన దాన్ని పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు.

"నీగ్గూడానా పాపా?"

అబద్ధం చెప్పబోయి మానుకున్నాను. ఊఁ అన్నాను.

"అదే మాత్రనా?"

"ఆ జాతిదే నాయనా. నేను నిలపను. పడిసెం పట్టినా, ఒక్కపొద్దు ఉన్నా, ఏమొచ్చినా నిలపను. డాక్టరమ్మ చెప్పింది."

మరుసటి రోజు నేను పోగానే, గల్లాపెట్టె మీద నుంచి చెయ్యి చాపి, "సెయ్యి" అన్నాడు. ఇచ్చాను. వేళ్ళ చివర్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. "ఊఁ. సల్లగుండాది" అన్నాడు. ఆయన ముఖం కుదుటపడింది. అమ్మ పోయాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

అప్పటి నుంచి రోజూ అదే తంతు. అందరి తండ్రులూ బిడ్డ చెయ్యి చల్లగా ఉంటే ఏమైందోనని భయపడతారు. మా నాయన నా చెయ్యి చల్లగా ఉంటేనే ఇంటికి పంపిస్తాడు. ఆ చల్లదనం నా వేళ్ళకు రక్తం అందకపోవడమేనని ఆయనకు నేను చెప్పలేదు. చెప్పను కూడా.

మొన్న తుంపర పడుతుంటే తడుస్తూనే అంగడికి పోయాను. దారిలో హోటల్లో టీ పోయించుకుని, చలికి ఆ గ్లాసు రెండు చేతులతో పొదివి పట్టుకుని తెచ్చాను. లోపలికి పోగానే తుమ్ము వచ్చింది. నాయన తలెత్తి చూశాడు. చెయ్యి చాపాడు. గ్లాసు కింద పెట్టి చెయ్యి ఇచ్చాను.

ఆయన ముఖంలో రక్తం లేకుండా పోయింది.

"ఎచ్చగుండాది" అన్నాడు. "పాపా, ఎచ్చగుండాది. నిలిపినావా? పడిసెం పట్టిందని నిలిపినావా?"

"లేదు నాయనా, వేసుకున్నాను. టీ గ్లాసు పట్టుకున్నా కదా, ఆ వేడి."

"నిలిపినావా?"

"ఒట్టు నాయనా. అది గ్లాసు వేడి."

ఆయనకు వినపడటం లేదు. అంగడి ముందు ఒకావిడ సబ్జా గింజలకు వచ్చి, గొడుగు మడుచుకుని, మా ఇద్దరినీ వింతగా చూస్తూ నిలబడింది. నాయన ఆమెను చూడలేదు. నా చెయ్యిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. అది చల్లబడేదాకా ఆయన వదల్లేదు.